వన్స్‌మోర్‌తో సహా

నేను తొంభై నిమిషాల క్యాసెట్టుని. పక్కకు నలభై అయిదు చొప్పున రెండు పక్కలు. లోపల రెండు చక్రాల మధ్య తిరిగే రిబ్బను వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానికి ఒకవైపు ఐరన్ ఆక్సైడు పూత. 1963లో ఫిలిప్స్ కంపెనీ మమ్మల్ని లోకంలోకి తెచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి పల్లెటూరి కొట్లలో కూడా దొరికేవాళ్లం. నాలో ఉన్నది 1980లలో ఒక శ్రీరామనవమి రాత్రి చింతలపూడిలో ఆడిన ‘శ్రీకృష్ణ రాయబారం’. స్టూడియోలో పాడించి తీసింది కాదు, జనం మధ్య పట్టా మీద కూర్చుని ఒకాయన పట్టుకున్నది.

ఆయన మామిడి రైతు. నూజివీడు చిన్నరసాలంటే తెలుగునాట తెలియనివాళ్లు లేరు. ఆ మామిడి సీమ చాట్రాయి, ముసునూరు మీదుగా మా చింతలపూడి వైపు పరుచుకునే ఉంటుంది. అప్పట్లో నూజివీడు కృష్ణా జిల్లా, మాది పశ్చిమ గోదావరి. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాక రెండూ ఒక గూటికి చేరాయి గానీ, నాటకాల బళ్లకు ఆ సరిహద్దు ఎన్నడూ అడ్డు రాలేదు.

కువైట్ వెళ్లొచ్చిన మేనల్లుడు ఇచ్చిన టేప్‌రికార్డరును ఒళ్లో పెట్టుకుని ఆయన సందెవేళకే వచ్చి కూర్చున్నాడు. మైకుసెట్టు గొట్టాలకు ఎదురుగా ఉంటే మాట మోతలో కలిసిపోతుందని స్టేజీకి ఎడమ పక్కన, హార్మోనిస్టుకి దగ్గర్లో చోటు చూసుకున్నాడు. అక్కడైతే నటుడి గొంతు గొట్టంలోంచే కాక నేరుగా కూడా చెవిన పడుతుంది. నేను ఇవాళ్టికీ వినదగ్గట్టు ఉన్నానంటే ఆ చోటు చలవే.

నాటకం రాత్రి పదింటికి మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. నాకున్నది గంటన్నర. అందుకని వచనం నడుస్తున్నంతసేపూ ఆపి ఉంచేవాడు. హార్మోనియం మీద శ్రుతి పలికి, నటుడు గొంతు సవరించుకున్నాడంటే చాలు, బటన్ నొక్కేవాడు. ప్రతి పద్యానికీ ముందు ఆ ‘టక్’ నాలో ఉంది. ఒకచోట పద్యం నాలుగో పాదంలో ఉండగా మొదటి పక్క అయిపోయింది. ఆయన నన్ను తిప్పి పెట్టేలోగా రాగం సగం వెళ్లిపోయింది. అయితే జనం వదల్లేదు. వన్స్‌మోర్ అన్నారు. కృష్ణుడు మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ పద్యం రెండో పక్కన మొదటి నుంచి చివరిదాకా నిండుగా ఉంది.

దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులుగా రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలవి. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఘంటసాల గొంతున కొన్ని వినిపించాయి. అంతకు ముందు నుంచే అక్షరం రానివాళ్ల నోళ్లలో కూడా ఉండేవి. పడకసీనుకు ఒక కృష్ణుణ్ణి, రాయబారానికి మరో కృష్ణుణ్ణి నాటకాల కాంట్రాక్టరు మాట్లాడుకొచ్చేవాడు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికే కొందరు పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకొచ్చేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఏ.వి. సుబ్బారావు ఈ వేషానికి పేరుమోసినవాళ్లు. నాలో ఉన్న ఇద్దరికీ అంత పేరు లేదు. వాళ్ల గొంతులు మరెక్కడా లేవు, నాలోనే ఉన్నాయి.

పాత గ్రామఫోను రికార్డుల గురించి ఒక మాట చెప్పాలి. పది అంగుళాల పళ్లెంలో పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. మహానటులు కూడా పద్యాన్ని ఆ మూడు నిమిషాలకు కుదించి పాడాల్సి వచ్చింది. ఆ రికార్డులంటే నాకు గౌరవమే. కానీ పద్యనాటకం అంటే అంతేననుకుంటే పొరపాటు. పందిట్లో నటుడు జనం ముఖాలు చూసి రాగం పెంచుతాడు. ముందు వరసలో ఎవరో ‘ఆహా’ అంటే అదే చోట ఇంకో మెలిక వేస్తాడు. నడుమ చదివింపులు: ఫలానావారు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు అని మైకులో చదువుతారు, నటుడు వేషంలోనే దండం పెట్టి మళ్లీ పాత్రలోకి వెళ్లిపోతాడు. చమ్కీ అంగరఖా, అద్దాల కిరీటం, భుజకీర్తులు, ముఖాన నీలం రంగు నేను పట్టుకోలేకపోయాను. తెర లేవగానే పుట్టిన హోరును మాత్రం పట్టుకున్నాను. ఆ వేషం ఎంత మెరిసిందో ఆ హోరే చెబుతుంది.

తర్వాత చాలా వేసవులు తోటలో కాపలా పాకలో గడిపాను. కాయ ఊరేవేళ రాత్రంతా మేలుకోవాలి, తోడుగా నన్ను పెట్టుకునేవాడు. రాయబారంలో ఒక పద్యం దగ్గరికి రాగానే వెనక్కి తిప్పి మళ్లీ వినేవాడు. అలా తిప్పీ తిప్పీ సరిగ్గా ఆ పద్యం దగ్గరే నా పూత అరిగింది. ఆయన ఎక్కువ ప్రేమించిన చోటే నాకు ఎక్కువ గాయమైంది. ఆ తర్వాత టేప్‌రికార్డరు పాడైంది, నన్ను అటకెక్కించారు. ఎండకు నా డబ్బా వంగింది, రిబ్బనును హెడ్డుకు అదిమి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది.

నన్ను అటక దింపింది ఆయన మనవరాలు. హైదరాబాదులో శబ్దం పని నేర్చుకున్న పిల్ల. వచ్చీ రాగానే మెషీన్లో పెట్టలేదు. ముందు నా రిబ్బనును జాగ్రత్తగా తీసి కొత్త డబ్బాలోకి మార్చింది. తర్వాత డెక్కులో హెడ్డు పక్కనున్న మర చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా తిప్పుతూ వింది. ఆ పాత టేప్‌రికార్డరు హెడ్డు కాస్త వాలి ఉండేది. సరిగ్గా ఆ వాలుకే డెక్కు హెడ్డు కుదరగానే తాళాల మోత, ‘స’ ‘శ’ అక్షరాలు ఒక్కసారి తేటపడ్డాయి. ఈ పని కంప్యూటరులోకి ఎక్కించాక చేయడం కష్టం, ముందే చేయాలి.

మరో చిక్కు శ్రుతి. తెల్లవారుజాము సీన్లలో నటుల గొంతు పైకి, పిల్లగొంతులా వినిపిస్తోంది. ఆ రాత్రి బ్యాటరీలు నీరసించి మోటారు మెల్లగా తిరిగింది. మెల్లగా ఎక్కినదాన్ని మామూలు వేగంతో వింటే శ్రుతి పెరుగుతుంది. దీన్ని సరిచేయడానికి ఆమెకు రెండు కొలతలు దొరికాయి. ఒకటి హార్మోనియం: దాని మెట్ల శ్రుతి ఒక్క రాత్రిలో మారదు. రెండోది మైకుసెట్టు రొద. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ఆంప్లిఫయరు గుయ్యిమనేది దానికి కట్టుబడే. అప్పట్లో కరెంటు నిలకడ అంతంతమాత్రం కాబట్టి రెండింటినీ సరిచూసుకుంటూ వేగం దిద్దింది. అందరూ విసుక్కునే ఆ రొద లేకపోతే కృష్ణుడి అసలు గొంతు తిరిగి వచ్చేది కాదు. అది అక్కరకు వచ్చాకే తగ్గించింది.

టేప్‌రికార్డరు దానంతట అదే శబ్దాన్ని హెచ్చించి తగ్గించే రకం. చప్పట్లు పడగానే అదిరి అన్నిటినీ తగ్గించేసేది. వెంటనే వచ్చే పద్యం నూతిలోంచి వచ్చినట్టుండేది. అలాంటి ప్రతి చోటా ఆమె శబ్దాన్ని చేత్తో పైకి లేపింది. అరిగిన పద్యానికి మందు సత్తుపల్లి చుట్టాలింట్లో దొరికింది. నేను కొత్తగా ఉన్నప్పుడే తీయించుకున్న నకలు అది. నకలు మోటుగా ఉన్నా మాటలు పోలేదు. అందులోంచి తీసిన ముక్కలతో నా చిల్లులు పూడ్చింది.

చివర్లో జనం గోలంతా తీసేసి ఒక ప్రతి చేసి తాతకు వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

“చదివింపులేవే?” అన్నాడు.

“అవన్నీ తీసేశాను తాతయ్యా, పద్యం శుభ్రంగా ఉంటుందని.”

“వన్స్‌మోర్ లేకపోతే వాడు అదే పద్యం రెండుసార్లు ఎందుకు పాడాడే అమ్మాయ్?”

ఆమె మారు మాట్లాడలేదు. జనాన్ని తీసేసినప్పుడు రాగం చివరి తోకలు కూడా నీళ్లలో మునిగినట్టయ్యాయని ఆమె చెవికీ తెలుసు. మెషీను వల్ల వచ్చిన దోషాలు మాత్రం దిద్ది, ఊరిని ఊరిలా ఉంచి మళ్లీ చేసింది. నా దృష్టిలో మెరుగుపరచడం అంటే అదే. పని చేస్తూ ఆమె తాతకు ఇంకో సంగతి చెప్పింది. 1973 జూలై 3న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో డేవిడ్ బోవీ అనే గాయకుడు, ముఖానికి రంగు పూసుకుని తళుకుబట్టలతో కట్టిన జిగ్గీ స్టార్‌డస్ట్ వేషానికి వీడ్కోలు చెప్పాడట. ఆ కాలపు కచేరీలను జనంలోంచి తీసిన టేపులను అభిమానులు ఈనాటికీ దిద్దుకుంటూ, పంచుకుంటూ ఉంటారట. “మన కృష్ణుడి కిరీటమూ అంతకు తగ్గిందేం కాదు” అన్నాడు తాత.

మీ అటకల మీద కూడా మావాళ్లు ఉండే ఉంటారు. హరిశ్చంద్ర కాటిసీనో, గయోపాఖ్యానమో, మీ ఊరి బుర్రకథో ఏదో ఒకటి. పాత మెషీన్లో తొందరపడి పెట్టకండి, రిబ్బను నమిలేస్తుంది. ఫెల్టు ముక్క ఉందో లేదో చూడండి. తెలిసినవాళ్ల చేత రెండు పక్కలూ పూర్తిగా ఎక్కించండి, ఏమీ కోయని ప్రతి ఒకటి విడిగా దాచండి. ఎక్కించాక మమ్మల్ని పారేయొద్దు. అన్నిటికంటే ముందు ఆ రాత్రి అక్కడున్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏ ఊరు, ఏ పండగ, ఎవరు ఏ వేషం కట్టారో అడిగి అట్ట మీద రాయండి. నా అట్ట మీద ఇద్దరు కృష్ణుల పేర్లూ ఇప్పుడు ఉన్నాయి.