డిప్పరు నొక్కని దొరలకో దండం

పాత అంబాసిడర్‌కి కొత్త బల్బు వేయించిన ఆసామికి మా కోటబొమ్మాళి చుట్టుపక్కల దక్కే మర్యాద అంతా ఇంతా కాదు. ఆ బండి హైవే మీదికి ఎక్కిందంటే నిమ్మాడ జంక్షన్‌లో సైకిలాయన సైకిలుతో సహా పొలంలోకి దిగిపోతాడు. హరిశ్చంద్రపురం దగ్గర బైకు మీది కుర్రాడు ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో దేవుడి మీద భారం వేసి నడుపుతాడు. ఆసామి మాత్రం స్టీరింగు వెనక కూర్చుని, పాత బండంటే జనానికి ఇంకా ఎంత గౌరవమో చూశావా అని పక్కసీటు బావమరిదికి చెప్పి మురిసిపోతాడు. వాళ్ళు తప్పుకుంటున్నది గౌరవంతో కాదు, కళ్ళు కనబడక.

బండిని తప్పుపట్టే పని లేదు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3ని తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ మనకిచ్చిన బండి అది. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైంది. కలెక్టరూ అందులోనే తిరిగాడు, పెళ్ళికొడుకూ అందులోనే ఊరేగాడు. గ్రిల్లు మారింది, ఇంజను మారింది, ఆ రెండు గుండ్రటి దీపాలు మాత్రం చివరిదాకా అలాగే ఉన్నాయి. వెనకటి బల్బు 45/40 వాట్లది. ఆ వెలుతురులో గేదె కనబడే లోపు దాని వాసన వచ్చేది. కాబట్టి మెరుగైన లైటు కావాలన్న కోరికలో తప్పేమీ లేదు. తప్పంతా ఆసామి కొట్టుకెళ్ళి "అన్నిటికన్నా పెద్దది ఇవ్వు" అన్న దగ్గర మొదలవుతుంది.

మామూలు హాలోజన్ హెచ్4 బల్బు 60/55 వాట్లు. రోడ్డుకి అది చాలు, చట్టానికీ అదే సమ్మతం. కొట్టువాడి దగ్గర 100/90 కూడా ఉంటుంది. ర్యాలీల కోసం చేసింది. రోడ్డు మీద వాడకూడదు. 'ఆఫ్ రోడ్‌కి మాత్రమే' అని అలాంటి డబ్బాల మీద రాసి ఉంటుంది. మన ఊరి రోడ్లు రోజూ చూసే ఆసామి, పాపం, ఆ మాట తన కోసమే రాశారనుకుంటాడు.

ఇక లెక్క చూడండి. వంద వాట్ల బల్బులు రెండు వెలిగితే 16 యాంపియర్లకు పైనే లాగుతాయి. పాత అంబాసిడర్‌లో ఆ కరెంటంతా రిలే అన్నది లేకుండా డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా, అక్కణ్ణించి కాలి దగ్గరున్న డిప్పరు గుండా, పుల్లల్లాంటి వైర్లలో పాకి, తుప్పు పట్టిన ఎర్తు దగ్గర తేలాలి. డైనమో మోడలైతే బండి నిదానంగా పోయేటప్పుడు పుట్టే కరెంటే అంతంతమాత్రం. పెద్ద బల్బు పెట్టిన నాలుగు రోజులకే డ్యాష్‌బోర్డులోంచి కాలిన వాసన వస్తుంది. ఆసామి అగరుబత్తి వెలిగించి, కొత్తమ్మతల్లికి మొక్కుకుని, బండి నడుపుతూనే ఉంటాడు.

హైవే పక్కన షెడ్డు వేసుకున్న ముసలి మెకానిక్కు ఒకాయన ఇలాంటి బండికి మీటరు పెట్టి చూపించాడు. ఇంజను ఆడుతుండగా బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు. అదే మీటరు తెచ్చి హెడ్‌లైటు వెనక ఆనిస్తే 10.9. ఆయన మీటరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు: "బల్బుదేటి తప్పు బావూ? మడపాంలో ఒక్క టోల్‌గేటనుకుంతన్నారు గానీ, మీ బండి లోపల నాలుగున్నాయి."

ఆ నాలుగూ వసూలు చేసేది చిన్న మొత్తం కాదు. వోల్టేజి పదో వంతు తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అయిదో వంతు తగ్గితే సగానికి పైగా మాయం. అంటే ఆసామికి కావాల్సిన వెలుగు బ్యాటరీలో ఎప్పట్నించో ఉంది, బల్బు దాకా రావడానికే దారి లేదు. రెండు రిలేలు, బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు, మధ్యలో ఫ్యూజు, గీకి బిగించిన ఎర్తు. లోపల పూత ఊడి నల్లబడిన రిఫ్లెక్టరుంటే దాన్ని పారేసి కొత్తది. ఇంతే వైద్యం. ఆ 60/55 బల్బే అప్పుడు పట్టపగలు చేస్తుంది.

కానీ రిలే బానెట్ కింద ఉంటుంది. ఎవరికి కనబడాలని? టీ కొట్టు దగ్గర బండి ఆపితే, "కొత్త రిలేలండీ, ఏం బిగించారండీ" అని ఎవడంటాడు? బంపరుకి పాలిష్ చేయించడానికి వేలకు వేలు పోసే చెయ్యి, వైరు దగ్గరకొచ్చేసరికి పిడికిలి బిగుస్తుంది. పైన పటారం, లోన లొటారం.

అందుకే ఇప్పుడు అందరి చూపూ ఎల్ఈడీ మీద. ఆ గుండ్రటి దీపంలో రిఫ్లెక్టరూ అద్దమూ సన్నటి ఫిలమెంటు ఒక్క చోటే ఉంటుందన్న లెక్కతో చేసినవి. అది మిల్లీమీటరు జరిగినా వెలుగు దారి తప్పుతుంది. అక్కడ ఏ కొలతా లేని ఎల్ఈడీ ముక్క దూరిస్తే వెలుగు రోడ్డు మీద తప్ప అన్ని చోట్లా పడుతుంది: చెట్ల కొమ్మల మీద, కరెంటు తీగల మీద, ఎదుటివాడి కళ్ళల్లో. బానెట్ ముందు పదడుగులు తెల్లగా మెరుస్తుంటే 'అబ్బ, ఏం వెలుగు' అనిపిస్తుంది, అసలు చూడాల్సిన దూరం మాత్రం చీకటే. ఇక కుడిపక్కన నడిచే దేశాల కోసం చేసిన లైటు అద్దం చవగ్గా దొరికిందని తెచ్చి బిగించేవాళ్ళున్నారు. మన దేశపు డిప్పు ఎడమ అంచున కాస్త పైకి లేచి కాలిబాటను చూపిస్తుంది. వాళ్ళది కుడివైపు లేస్తుంది. అంటే సరిగ్గా ఎదురొచ్చే లారీ డ్రైవరు మొహం మీదికి.

చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ఉంది. లైటుకి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని ఆ వెలుగు జిగేలుమనిపించకూడదంటుంది. ఎంత చక్కటి నియమం! పగలు హెల్మెట్ కోసం ఆపే జంక్షన్‌లో రాత్రి లైటు కోసం ఆపగా చూసినవాణ్ణి నాకు చూపించండి.

పాత బండ్ల మీద ప్రేమతో 2021లో కేంద్రం ఇంకో నియమం తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వీఏ' నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు. మన ఆసామికి 'అసలు రూపం' మీద పట్టింపు ఎక్కువే. సీటు గుడ్డ పాతదే కావాలి, హారను పాతదే కావాలి. బ్రేకులూ ఆ పాత డ్రమ్ములే. లైటొక్కటే పెళ్ళి స్టేజీది. ఆవు దూరం నుంచే కనబడుతుంది, బండి మాత్రం ఆవు దగ్గరికెళ్ళాకే ఆగుతుంది.

మన రాత్రి హైవే సంగతి తెలియనిదెవరికి? నారాయణవలస సంత నుంచి తోలుకొచ్చే పశువులు, ఒంటికన్ను ట్రాక్టర్లు, టెక్కలి గ్రానైట్ మోసే లారీలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుటి లైటు కొట్టిన కళ్ళు తేరుకోవడానికి మూడు సెకన్లు పడితే, 66 మీటర్లు గుడ్డివాడు నడిపినట్టే. ఈ మండలం నిమ్మాడ మనిషి, కేంద్రంలో మంత్రిగా చేసిన కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న రాత్రివేళ రణస్థలం దగ్గర ఇదే హైవే మీద, కారు ట్యాంకరును ఢీకొని పోయారు. అది లైట్ల వల్ల జరిగిందని నేననను. రాత్రి రోడ్డుకి పెద్దా చిన్నా తేడా తెలియదంటున్నాను.

మరి ఎదుటి లారీ ఊరుకుంటుందా? 'రాత్రి డిప్పర్ వాడండి' అని వెనక రాసుకుని తిరిగేది అదే, ముందు హై బీములు నాలుగు వెలిగించి జవాబిచ్చేదీ అదే. దానికి జవాబుగా ఆసామి ఇంకా పెద్ద బల్బు కొంటాడు. ఇద్దరికీ రోడ్డు కనబడదు, పౌరుషం మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటుంది.

అయ్యా, అంబాసిడర్ దొరలూ! పాత మోడళ్ళలో డిప్పరు క్లచ్చు పక్కన నేల మీదే ఉంటుంది. చెయ్యి కదపక్కర్లేదు, మీసం మీంచి వేలు తియ్యక్కర్లేదు, ఎడమకాలితో ఒక్క నొక్కు చాలు. రిలేలు వేయించండి, రిఫ్లెక్టరు మార్చండి, 60/55 బల్బు పెట్టండి, పాతికడుగుల దూరాన గోడ ముందు బండి నిలిపి డిప్పు వెలుగు లైటు ఎత్తు కన్నా కిందికి పడేలా మెకానిక్కు చేత బిగించండి. ఇదంతా రేపు చేయించుకోవచ్చు. డిప్పరు మాత్రం ఈ రాత్రి నుంచే నొక్కండి. దానికి పైసా ఖర్చు లేదు.