తృతీయ పిస్టన్ భంగం: సటీకాతాత్పర్యం

మూలం: "మూడో పిస్టన్ మళ్లీ పోయింది. కొత్తది వేసి పంపాలి."

అవతారిక: చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద ఔత్సాహికులు పరుగెత్తించే మారుతి ఎస్టీమ్ వంటి కారు, అనగా 1298 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్ గలది, షెడ్డుకు చేరినప్పుడు జాబ్‌కార్డు మీద వెలసే వాక్యద్వయమిది.

టీక: మూడో = టైమింగ్ బెల్టు కొస నుండి లెక్కించగా మూడవ స్థానమందలి; పిస్టన్ = బోరులో పైకీ కిందికీ ఆడుతూ, మండిన వాయువుల తోపును కనెక్టింగ్ రాడ్డుకు అందించే అల్యూమినియం మిశ్రలోహపు పోత; మళ్లీ = వెనుకటి వలెనే, అదే చోట; పోయింది = ఏ విధంగా పోయినదో మూలకారుడు చెప్పలేదు; కొత్తది వేసి = కారణం జోలికి పోక; పంపాలి = యజమాని అప్పటికే ఫోను చేసి ఉన్నాడని ధ్వని.

తాత్పర్యం: వ్యాధిని ఉండనిచ్చి రోగిని మార్చవలెనని భావం.

విశేషాలు: 'పోయింది' అను క్రియకు ముఖ్యార్థాలు మూడు. స్పార్క్ పడిన పిమ్మట మంట చేరవలసిన మూలలో మిగిలిన మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ ఓర్వలేక తనంతట తాను ఒక్కసారిగా పేలితే దానిని నాకింగ్ అంటారు. ఆ దెబ్బలకు రింగుల గాళ్ల నడుమనున్న సన్నని కట్టలు విరుగుతాయి. స్పార్క్ పడకమునుపే, ఎర్రగా కాలిన ప్లగ్గు కొన వంటిదేదో మిశ్రమాన్ని అంటించినచో పిస్టన్ తల కరగి, తరచు నడిమిన, రంధ్రం పడుతుంది. ఆయిల్ అందకో, బోరులో ఖాళీ చాలకో పట్టేసిన పిస్టన్‌కు పక్కలు గీరుకొనిపోతాయి. కనుక విరిగిన పిస్టన్‌ను కడిగి తూకానికి అమ్మడం, వాంగ్మూలం తీసుకొనక ముందే సాక్షిని ఊరు దాటించడం వంటిది. మన ఉదాహరణలో కట్టలు విరిగినవనుకొందాం.

ఇచట పూర్వపక్షి, దోషం పెట్రోలుదే, ఆక్టేన్ చాలలేదు, అంటాడు. పెట్రోలు నాలుగు సిలిండర్లకూ ఒకటే గదా, మూడవదానిపైననే దానికేల పగ అని ఆక్షేపించవచ్చును గాని, అతడు తెలివిగలవాడు: నాలుగింటిలో ఎక్కువ వేడెక్కేదే ముందు బలియగునని బదులిస్తాడు. ఇది తోసిపుచ్చదగిన వాదం కాదు. తర్కశాస్త్రంలోని అన్వయవ్యతిరేకాలు, అనగా కారణమున్నచోట కార్యముండుట, లేనిచోట లేకుండుట, ఇచటనే అక్కరకు వస్తాయి. కొత్త పిస్టన్ వేసిన పిమ్మట, మూడవ సిలిండరుకు పెట్రోలు తక్కువగా అందుచున్నదేమో తేల్చుటకు, మూడవ ఇంజెక్టరును ఒకటవ స్థానానికీ, అక్కడిదానిని ఇక్కడికీ మార్చి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొద్దిసేపు నడిపి, వెంటనే ఇగ్నిషన్ కట్టివేసి ప్లగ్గులు విప్పి చూడాలి. నాకింగ్ తగిలిన సిలిండరు ప్లగ్గు తెల్లని పింగాణీ మీద అల్యూమినియం రజను మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు ఒకటవదానికి తరలితే దోషం ఇంజెక్టరుది; మూడవదానిలోనే నిలిస్తే ఆ ఇన్‌టేక్ దారి గాస్కెట్టు గాలి పీల్చుటయో, ఆ సిలిండరు చుట్టూ నీరు సరిగా తిరగకుండుటయో విచారించాలి. ఈ పద్ధతిలో మరొక పిస్టన్ పూర్తిగా బలి కాకమునుపే దోషం తేలవచ్చును. యజమానికి నచ్చజెప్పుటకు ఈ ఒక్క మాట చాలును.

గాలి, పెట్రోలు పాళ్లను చూపే లాంబ్డా సెన్సర్ అంతా సవ్యమనే చెప్పినదే, అని మరొక ఆక్షేపం. అది అబద్ధమాడదు, సగటు చెబుతుంది. పూర్తి భారం మీద ఒక పాలు పెట్రోలుకు సుమారు 13 పాళ్ల గాలి ఉండవలసిన చోట తక్కిన మూడు సిలిండర్లు 13 వద్దనే ఉండి, మూడవది 14.6కు పలచబడినా, నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాలు కలిసిన చోట బిగించిన సెన్సర్ 13.4 అని చూపుతుంది. అంత తేడాకు ఎవరూ బెదరరు. పలచని మిశ్రమంతో వేడెక్కిన సిలిండరు నాకింగ్‌కు దిగినా, సైలెన్సర్ లేని కారులో కూర్చున్న డ్రైవరుకు ఆ చప్పుడు వినబడదు. ఊళ్లో తిరిగే కారు పూర్తి థ్రాటిల్ మీద ఉండేది కొన్ని క్షణాలే గనుక ఇదే లోపం అక్కడ ఏళ్ల తరబడి దాగి ఉండగలదు.

పరీక్షలో దోషం ఇంజెక్టరుదని తేలినచో, 'కొత్తది వేసి' అనుదాని తరువాత 'నాలుగు ఇంజెక్టర్లనూ గాజు గొట్టాల్లోకి చిమ్మించి, పాళ్లు సరిచూసి, లోపలి జల్లెడలు మార్చి' అని అధ్యాహారం చేసికొనవలెను. మూలకారుడు ఇంత వ్రాయకపోవుటకు జాబ్‌కార్డులో చోటు చాలకపోవుటయే కారణమని కొందరు సమర్థిస్తారు.