నాలుగు నట్ల పద్యానికి టీకా తాత్పర్యం

పగలు బరువు మోసి పైకంబు నార్జించి
రాత్రి పాన్పు పఱచి రహిని కూర్చి
నట్లు నాల్గు విప్ప నట్టింటి నంతయు
దింపనైన బండి దివ్యరథము

ప్రతిపదార్థం: పగలు = పనిదినములందు; బరువు మోసి = సిమెంటు బస్తాలో, టెంటుహౌసు కుర్చీలో మోసి; పైకంబున్ = కిరాయి డబ్బును; ఆర్జించి = సంపాదించి; రాత్రి = సెలవునాటి రాత్రి; పాన్పు పఱచి = ప్లైవుడ్డు పలకలపై పరుపు వేసి; రహిని = సుఖమును; కూర్చి = కలిగించి; నట్లు నాల్గు = రెక్కల నట్లు నాలుగింటిని; విప్పన్ = విప్పినంతనే; నట్టింటిన్ అంతయున్ = మంచము, పొయ్యిబల్ల, నీళ్ల డబ్బా మొదలగు సంసారమునంతటిని; దింపన్ ఐన = దించ వీలైన; బండి = వ్యాను; దివ్యరథము = దేవతల వాహనముతో సమానము. ఇన్సూరెన్సు అదనము.

తాత్పర్యం: కిరాయికి తిరిగే వ్యాను సెలవుల్లో విడిదిల్లు కావచ్చు గానీ, సోమవారం పొద్దున్నకి మళ్లీ ఖాళీ వ్యాను కావాలి.

వ్యాఖ్య: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమం. ఆ మెదక్ సీమ పండితుడికి సరుకుబండితో పని పడలేదు గనక ఇక్కడ కొంత సడలింపు తప్పదు. పద్యానికి ప్రాణం ‘దింపనైన’ అన్న మాటలో ఉంది. పడక ఉన్న బండిని కవి దివ్యరథమనలేదు, పడకను దించగల బండినే అన్నాడు. ‘ఆర్జించి’ క్త్వార్థకం, సంపాదన ముందు, నిద్ర తర్వాత. టాటా వింగర్ కార్గోనే చూడండి. సరుకు గది పొడవు 3,240 మిల్లీమీటర్లు, వెడల్పు 1,640, ఎత్తు 1,900. మోసే బరువు 1,680 కిలోలు. అందులో ఆరడుగుల మంచం శాశ్వతంగా బిగిస్తే పొడవులో సగానికి పైగా పోయినట్టే. పోనీ అడ్డంగా వేద్దామంటే వెడల్పు అయిదడుగుల నాలుగంగుళాల పైచిలుకు, మోకాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లకే అది పాన్పు. అలమరలు, సింకు, గోడలకు చెక్క కూడా చేరితే ప్రతి కిరాయిలోనూ ఆ బరువుకు డీజిలు పోయాలి. ఏడాదిలో పది ఇరవై రాత్రుల సుఖం కోసం మిగతా పగళ్ల కిరాయిని మంచం కింద తొక్కిపెట్టడం గృహస్థ ధర్మం కాదు.

మూడో పాదంలో ‘మేకు లూడబెఱుక’ అని కొందరి పాఠం. అది వడ్రంగుల ప్రక్షిప్తం. మకారానికి నకారంతో యతి కుదరదు. మేకులు ఊడబెరికితే పలకా మిగలదు. ‘తాళ్లు’ అనకపోవడంలోనూ కవి జాగ్రత్త కనిపిస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు 20 కిలోల పెట్టె ఒక్కసారిగా డ్రైవరు వీపు మీదికొస్తుంది, సాగే తాడు దాన్ని ఆపలేదు. నేలలో కంపెనీ ఇచ్చిన సరుకు కట్టే కొక్కేలుంటాయి. పెట్టె అడుగున ఇనప పట్టీ వేసి, దాన్ని ఆ కొక్కేలకు బోల్టుతో పట్టించి, పైన రెక్కల నట్టు బిగిస్తే పానాతో పని లేదు. కొత్త కన్నాలు మాత్రం వేయకూడదు. కన్నం ఉన్నచోట తుప్పు మొదలవుతుంది; పైగా నేల కింద బ్రేకు పైపులు, డీజిలు ట్యాంకు ఉంటాయి. విప్పదీసే సామాను గడగడలాడుతుందన్న ఆక్షేపణ నిజమే. పెట్టెకూ రేకుకూ మధ్య రబ్బరు పట్టీ పెడితే చాలావరకు అణుగుతుంది, మిగిలింది భరించాలి.

శాశ్వతంగా బిగించిందే అసలైన క్యాంపరు అని పూర్వపక్షి అంటాడు. చరిత్ర అతనికి సాక్ష్యం చెప్పదు. ఫోక్స్‌వాగెన్ వ్యాను 1950లో వస్తే, జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లో దానికి తెచ్చిన ‘క్యాంపింగ్ బాక్స్’ సెలవుల్లో ఎక్కించి, తర్వాత దించేసే సామానే. మన దగ్గర చట్టం కూడా కవి పక్షమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. కిటికీ కోసినా, సీట్లు బిగించినా ఆ తేడా వస్తుంది. నాలుగు నట్లతో దిగిపోయే పెట్టె సరుకేనని వాదించుకోవడానికి వీలుంది. అయితే ‘పాన్పు పఱచి’ అన్నది ఆగిన బండికే వర్తిస్తుంది. సరుకుబండి నడుస్తుండగా వెనక మనుషుల్ని పడుకోబెట్టడానికి ఈ పద్యం అనుమతి పత్రం కాదు. తలుపులు బిగించి లోపల గ్యాసుపొయ్యి వెలిగించడానికీ కాదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ బద్ధకానిది. ఆదివారం రాత్రి అలసి వచ్చినవాడు సామాను దించుతాడా? దించినా, మూడో అంతస్తు ఫ్లాటులో ఎక్కడ పెడతాడు? ‘నట్టింటి’ పదానికి అప్పుడు వాచ్యార్థమే గతి: పెట్టె హాల్లో బల్ల అవుతుంది, మంచం పలకలు తలుపు వెనక నిలబడతాయి. అందుకే పలకను మూడు ముక్కలుగా కోయించాలి, ఏ ముక్కా ఒక మనిషి మోతకు మించకూడదు. బ్యాటరీకీ ఇదే లెక్క: 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ దాదాపు 30 కిలోలుంటే, అంతే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది అందులో సగం కూడా ఉండదు. ధర ఎక్కువే. అయినా కొనబోయేముందు 30 కిలోల బియ్యం బస్తా ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కి చూడండి.