వైర్‌లెస్ మనిషి

గనుల గురించి రాసే గ్రంథాలలో డ్రిల్లరుకు, బ్లాస్టరుకు, షావెల్ ఆపరేటరుకు, డంపరు డ్రైవరుకు తలో అధ్యాయం దక్కుతుంది గానీ, వీరందరి నోళ్లనూ చెవులనూ కలిపి ఉంచే రేడియో టెక్నీషియన్‌కు అనుబంధంలో కూడా చోటు దొరకదు. ఈ ఉపేక్షకు కారణం లేకపోలేదు; పని సవ్యంగా సాగినంతకాలం అలాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ తోచదు, చెడిన మరుక్షణం అతను తప్ప మరెవరూ గుర్తుకు రారు.

ఈ జాతి మనిషి నిఖార్సయిన రూపంలో కనిపించే తావుల్లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బైలాడిలా కొండలు ఒకటి. 1968 నుంచి అక్కడ తవ్వుతున్న ఇనుప ఖనిజం కొత్తవలస–కిరందుల్ రైలుమార్గంలో అరకు మీదుగా విశాఖ వైపు దిగుతుంటే, అదే మార్గంలో ఉత్తరాంధ్ర కుర్రవాళ్లు ఉద్యోగాలకని ఎదురెక్కి వెళుతూ వచ్చారు గనుక, అడవి మధ్య కొండ మీది వైర్‌లెస్ గదిలో తెలుగు వినబడటం వింత కాదు. గనుల్లో ఎక్కువగా వాడే సెట్లు వీహెచ్‌ఎఫ్ రకానివి, అంటే సెకనుకు సుమారు 15 కోట్ల సార్లు కంపించే తరంగాల మీద పనిచేసేవి. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయే తప్ప కొండను చుట్టి అవతలికి రావు. అందుకని ఎత్తయిన శిఖరం మీద రిపీటరు అనే యంత్రాన్ని నిలబెడతారు. ఒక పౌనఃపున్యం మీద విన్న మాటను అదే క్షణంలో మరో పౌనఃపున్యం మీద బలంగా తిరిగి పలికే ఈ యంత్రం బుర్రకథలో వంతలాంటిది, కథకుడు ఏమన్నా 'తందాన' అనవలసిందే. అయితే ఈ వంతకు మేలుకోవడానికి లిప్తపాటు వ్యవధి కావాలి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడమని టెక్నీషియన్ ఎన్నేళ్లుగా చెబుతున్నా, నొక్కకముందే మాట్లాడటం మొదలుపెట్టడం గనివారి జన్మహక్కు. ఫలితంగా 'ఏడో నంబరు డంపరు క్రషర్ దగ్గరికి రావాలి' అన్న ఆజ్ఞలో మొదటి రెండు మాటలు గాలిలో కలిసిపోయి, ఆ షిఫ్టులో ఉన్న డంపర్లన్నీ క్రషర్ ముందు బారులు తీరుతాయి. ఆ సాయంత్రం మీటింగులో తప్పు రిపీటరు ఖాతాలో పడుతుంది.

అతని వారం సోమవారం ఉదయం బల్ల మీద గుట్టగా పోసిన సెట్లతో మొదలవుతుంది. ప్రతి సెట్టుకూ రబ్బరుబ్యాండుతో కట్టిన చీటీ ఉంటుంది, ప్రతి చీటీ మీదా 'సెట్టు పనిచేయుట లేదు' అన్న ఒకే రోగలక్షణం ఉంటుంది. పరీక్షించి చూస్తే కొన్నింటికి చార్జింగు పెట్టలేదు, కొన్నింటికి ఛానెల్ మీట తిరిగిపోయి ఉంది, మరికొన్నింటికి వాల్యూమ్ సున్నాలో ఉంది. అనుభవం లేని టెక్నీషియన్ ఈ సంగతిని నలుగురిలో బయటపెట్టి శత్రువులను సంపాదించుకుంటాడు. అనుభవజ్ఞుడు సెట్టును లోపలికి తీసుకువెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఒక మరను వదులుచేసి మళ్లీ బిగించి, అరగంట తర్వాత గంభీరంగా తెచ్చి ఇస్తూ 'లోపల కొంచెం ప్రాబ్లమ్ ఉండెనండీ' అంటాడు. రిజిస్టరులో లోపం అన్న గడిలో 'లేదు' అనీ, తీసుకున్న చర్య అన్న గడిలో 'బాగుచేయబడినది' అనీ రాసే ఈ పద్ధతిలో కనిపించే వైరుధ్యం తర్కశాస్త్రానికి సంబంధించినదే గానీ, సంఘజీవనానికి సంబంధించినది కాదు.

నిజంగా చెడినవి లేకపోలేదు. డంపరులో చేత పట్టుకు మాట్లాడే మైకును విప్పినప్పుడు స్పీకరు జాలీ నిండా కుంకుమ పూసినట్టు ఎర్రటి ఖనిజపు దుమ్ము, బటన్ రబ్బరు కింద ఖైనీ పొడి, మెలికలు తిరిగిన తీగ మొదట్లో ఎవరో సొంత వైద్యంగా చుట్టిన బ్యాండేజీ ప్లాస్టరు బయటపడతాయి. అతను పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, తెగిన తీగను సోల్డరు చేసి, ఆ ప్లాస్టరును మాత్రం పారేయకుండా సొరుగులో దాచుకుంటాడు. వార్షిక తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

వారానికి ఒకసారైనా బటన్ ఇరుక్కుపోయే ఉపద్రవం వస్తుంది. వైర్‌లెస్‌లో ఒకరు బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ ఛానెల్‌లో మరొకరి మాట వెళ్లదు. కాబట్టి ఏ డ్రైవరో మైకును సీటులో తొడకింద పెట్టుకుని కూర్చున్నాడంటే గని మొత్తానికీ అతని ఇంజను రొద, అతని కూనిరాగం, మొబైల్‌లో బావమరిదితో అతను సాగిస్తున్న పొలం తగాదా ప్రత్యక్ష ప్రసారమవుతాయి. దీన్ని అడ్డుకోవడానికి నిర్ణీత సమయం దాటితే ప్రసారాన్ని తెగ్గొట్టే టైమవుట్ ఏర్పాటు సెట్టులోనే ఉంటుంది గానీ, గని దారిలో ప్రతి గుంతకూ బటన్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కుకుంటుంది గనుక లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు మన టెక్నీషియన్ తన చేతిసెట్టు ఏరియల్‌ను ఊడబీకి, చెవిటిదైన ఆ సెట్టును పట్టుకుని డంపర్ల వెంట నడుస్తాడు. ఏరియల్ లేని సెట్టుకు అతి దగ్గరి ప్రసారం మాత్రమే గట్టిగా వినబడుతుంది కనుక, ఎక్కడ కూనిరాగం స్పష్టమవుతుందో అక్కడే దోషి. ఈ వేటలో అతను కొంత ఆలస్యం చేస్తాడని, పొలం తగాదా ఎటు తేలిందో విన్న తర్వాతనే డ్రైవరు తలుపు తడతాడని కొందరు ఆరోపిస్తారు. ఆ సమయంలో గనిలో ఎవరూ సెట్టు కట్టేయలేదన్నది మాత్రం వాస్తవం.

బ్లాస్టింగు వేళ వస్తే అతని పరిస్థితి దయనీయం. విద్యుత్తుతో పేలే డిటొనేటర్ల తీగలు రేడియో తరంగాలను పట్టి వాటంతట అవే పేలే ప్రమాదం ఉన్నందున, వాటి దాపున సెట్లు కట్టేయడం పాత నియమం. షాక్‌ట్యూబు డిటొనేటర్లు వచ్చాక భయం తగ్గింది గానీ అలవాటు తగ్గలేదు. లోకమంతా మౌనం పాటించే ఆ కాసేపూ అతను మాత్రం, సెట్లు కట్టేశారా లేక చెడిపోయాయా అన్న అనుమానంతో కుదురుగా టీ కూడా తాగలేడు.

ఇక వర్షాకాలంలో కొండ ఎక్కవలసిన రోజు వస్తుంది. రిపీటరు నుంచి ఏరియల్‌కు వెళ్లే కేబుల్ కనెక్టరులోకి నీరు చేరితే, పంపిన శక్తిలో కొంత బయటికి పోకుండా వెనక్కి తిరిగివస్తుంది. ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు అనేది ఈ తిరుగుబాటును కొలిచే పరికరం. అందులో అంకె ఒకటిన్నర లోపుంటే క్షేమం, మూడు చూపిందంటే పావు వంతు శక్తి వాపసు వచ్చినట్టు. మబ్బులో మునిగిన టవరు మీద నడుముకు బెల్టు కట్టుకుని, కనెక్టరు విప్పి తుడిచి, రబ్బరు టేపు చుట్టే ఈ పనికి ముందు రిపీటరును కట్టేయక తప్పదు. అంతవరకు గంటల తరబడి ఒక్క మాటా మాట్లాడని విభాగాలన్నిటికీ సరిగ్గా అప్పుడే అత్యవసర సమాచారం పుట్టుకొస్తుంది. 'వైర్‌లెస్ ఎందుకు ఆగింది, నువ్వేం చేస్తున్నావు' అని టవరు మీద ఉన్నవాడికే ఫోను వస్తుంది. 'ఆపింది నేనేనండి' అన్న జవాబు ఏ అధికారినీ ఇంతవరకు తృప్తిపరచలేదు. కిందికి దిగి, మీట వేసి, 'టెస్టింగ్, టెస్టింగ్, ఎలా వినబడుతోంది' అని అడిగితే మాత్రం ఒక్కరూ పలకరు. చాలాసేపటికి క్రషర్ ఆపరేటరు ఒకడు కనికరించి 'ఇంతకుముందే బాగుండె గదా' అంటాడు.

శనివారం లెక్కల రోజు. మన దేశంలో ఇలాంటి ప్రసారానికి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పౌనఃపున్యాన్ని కేటాయిస్తుంది కనుక, ప్రతి సెట్టూ సీరియల్ నంబరుతో సహా రిజిస్టరులో ఉండాలి, నంబరుకు తగిన సెట్టు చేతిలో ఉండాలి. ఎప్పుడూ ఒకటి తగ్గుతుంది. అది ఎవరింటి టీవీ మీద ఉందో అతనికి తెలుసు. ఆ ఇంటాయన హోదా కూడా తెలుసు కనుక, రిజిస్టరులో 'రిపేరులో ఉంది' అని రాసుకుంటాడు.

ఇన్నింటి తర్వాత అతనికి రెండు రోజుల సెలవు మంజూరవుతుంది, ఫోను ఎల్లవేళలా అందుబాటులో ఉంచాలన్న షరతు మీద. విశాఖకు రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉన్నా అతను పగటి ప్యాసింజరే ఎక్కుతాడు. తోటి ఉద్యోగులు అరకు అందాల కోసమనుకుంటారు. ఆ దారిలో 50కి పైగా సొరంగాలున్నాయనీ, వాటిలో ఎక్కడెక్కడ ఎంతసేపు సిగ్నలు అందదో అతను వృత్తి నైపుణ్యంతో ముందే గుర్తుపెట్టుకుని భోజనం వేళను వాటికి అనుగుణంగా సర్దుకుంటాడనీ వారికి తెలియదు.