నీటిలో పాదం మోపిన బోల్టు

ఇది సిలిండర్ హెడ్‌ను ఇంజిన్ బ్లాకుకు బిగించే ఒక హెడ్ బోల్టు చెప్పుకునే సొంత కథ. అయినా ఎక్కడా అది ‘నేను’ అనదు. హెడ్‌కు 17 చొప్పున మొత్తం 34 బోల్టులు కలిసి మోసే బరువును ఒంటరిగా మోసినట్టు చెప్పుకోవడం దానికి నచ్చదు. అందుకే తనను తాను ‘ఈ బోల్టు’ అనే పిలుచుకుంటుంది.

ఈ బోల్టు ఇల్లు షెవర్లే స్మాల్‌బ్లాక్ వి8 ఇంజిన్. ఎడ్ కోల్ చీఫ్ ఇంజినీరుగా ఉన్న రోజుల్లో, 1955 మోడల్ కార్లతో అమెరికా రోడ్ల మీదికి వచ్చిన వంశం అది. మొదటి ఇంజిన్ 265 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 4.3 లీటర్లు. ఈ బోల్టు ఉన్నది తర్వాత వచ్చిన 350లో.

ఆ వంశంలో ఒక విశేషం ఉంది. హెడ్ బోల్టు దిగే రంధ్రం లోపల ఎక్కడో ఆగిపోదు. బ్లాకు పైపలకను దాటి నేరుగా కూలెంట్ తిరిగే వాటర్ జాకెట్‌లోకి తెరుచుకుంటుంది. ఈ బోల్టు తల హెడ్‌ను అదిమి పట్టి ఉంటే, కొస కూలెంట్‌లో మునిగి ఉంటుంది.

అక్కడి నుంచి అది నీటి నడకను రోజూ చూస్తుంది. ముందున్న పంపు కూలెంట్‌ను బ్లాకు రెండు వైపులకూ తోస్తుంది. సిలిండర్ల చుట్టూ తిరిగి వెనక్కి చేరిన నీరు హెడ్ గ్యాస్కెట్ రంధ్రాల గుండా పైకెక్కి, మంట గదులనూ ఎగ్జాస్ట్ దారులనూ తాకుతూ మళ్లీ ముందుకొస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుంటే రేడియేటర్‌కు వెళ్తుంది. చాలా కార్లలో అది 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. గ్యాస్కెట్‌లో కొన్ని రంధ్రాలు చిన్నగా ఉన్నాయని వాటిని పెద్దవి చేసేవాళ్లను చూస్తే ఈ బోల్టుకు బాధ. ముందువైపే అడ్డదారి దొరికితే నీరు వెనుక సిలిండర్ల దాకా ఎందుకు పోతుంది?

రేడియేటర్ మూత చదరపు అంగుళానికి 15 పౌండ్ల దాకా ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. బోల్టు మరల మధ్య కాస్త సందు దొరికినా చాలు, వత్తి నూనె పీల్చినట్టు కూలెంట్ పైకి పాకుతుంది. వాల్వ్ కవర్ కిందికి చేరితే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, బేరింగులు అరుగుతాయి. స్పార్క్ ప్లగ్గుల వైపు వరసలో కారితే బయట తుప్పు చార కనిపిస్తుంది. చాలామంది నేరం గ్యాస్కెట్ మీద మోపి, హెడ్ మొత్తం విప్పుతారు. తప్పు మాత్రం మరకు పూయని సీలెంట్‌ది.

పూయడంలోనూ పద్ధతుంది. పాత సీలెంట్, తుప్పు పోయేలా బోల్టు మరలనూ రంధ్రాన్నీ శుభ్రం చేయాలి. గట్టిపడని టెఫ్లాన్ పేస్టు మర చుట్టూ నిండుగా రాయాలి, తల కింద ఓ చుక్క నూనె వేయాలి. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం సాగి ముడుచుకుంటుంది, గట్టిపడిన పూత ఆ కదలికకు పగిలిపోతుంది. తర్వాత మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా 65 అడుగు-పౌండ్ల దాకా బిగించాలి. ఆ బిగింపుకు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. హెడ్‌ను పట్టి ఉంచేది ఆ సాగుదలే. మర పొడిగా ఉంటే రెంచ్ చూపిన అంకెలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, బోల్టు చాలినంత సాగదు.

అదే వంశంలో 1992 కార్వెట్‌లో వచ్చిన ఎల్‌టీ1 ఇంజిన్ నీటి దారినే తిరగేసింది. కూలెంట్ ముందు హెడ్‌లకు వెళ్లి, ఆ తర్వాతే బ్లాకులోకి దిగుతుంది. హెడ్‌లు చల్లగా ఉండటంతో కంప్రెషన్ నిష్పత్తిని 10.5కు పెంచగలిగారు.

1997లో వచ్చిన ఎల్ఎస్1 ఇంజిన్‌లో హెడ్ బోల్టులు నీటిని తాకవు. వాటి రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. అక్కడ సీలెంట్ అక్కర్లేదు గానీ, రంధ్రంలో ఏ కాస్త నూనో కూలెంటో నిలిచినా ప్రమాదమే. దిగే బోల్టు దాన్ని నొక్కితే, పోవడానికి దారిలేని ద్రవం బ్లాకునే చీలుస్తుంది. అందుకే ఆ ఇంజిన్ల మెకానిక్కులు బోల్టు పెట్టేముందు ఒక్కో రంధ్రంలోకీ గాలి ఊది ఆరబెడతారు.