సాకెటొకటైన చాలదు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చాలనుకున్న మనిషి నెల రోజులు ప్రాసెసర్ల గురించే చదువుతాడు. కోర్లెన్ని, గిగాహెర్ట్జ్ ఎంత, ఏ ఆటలో ఎన్ని ఫ్రేములొస్తాయి, అన్నీ కంఠతా పడతాడు. సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు కొట్లు ఎక్కిదిగి, బేరమాడి, ప్రాసెసర్ మీద నాలుగొందలు తగ్గించుకుంటాడు. ఆ తర్వాత జేబులో మిగిలిన డబ్బుకు ఏ మదర్‌బోర్డు వస్తే అది సంచీలో వేయించుకుంటాడు. ఈ వరసను సరిదిద్దడానికే కింది తేటగీతి పుట్టింది. కర్త ఎవరో తెలియదు. మొదటి పాదంలోని చేదును బట్టి 2017కు తర్వాతివాడని, మూడో పాదంలోని పట్టుదలను బట్టి 2024ను కూడా చూసినవాడని కాలనిర్ణయం చేయవచ్చు. అందుకు ఆధారాలు విశేషాల్లో వస్తాయి.

మూలం

సాకెటొకటైన చాలదు, చదువు పట్టి;
వేడికోర్చెడునో లేదొ వెదకి చూడు;
ఏళ్లు గడిచిన బయొసుల నిచ్చువాడె
నమ్మదగినట్టిదౌ బోర్డు నమ్మువాడు.

ప్రతిపదార్థం

సాకెటు = ప్రాసెసర్ కూర్చునే చోటు; ఒకటైనన్ = ఒకటే అయినప్పటికీ; చాలదు = సరిపోదు; పట్టి = బోర్డు కంపెనీ ప్రకటించే ప్రాసెసర్ల జాబితాను ("ఓ బిడ్డా" అని సంబోధనగా చెప్పేవారూ ఉన్నారు; అలా చెప్పినా చదవాల్సింది జాబితానే); చదువు = చదువుము; వేడికిన్ = ప్రాసెసర్‌కు కరెంటు అందించేటప్పుడు పుట్టే తాపానికి; ఓర్చెడునో లేదొ = తట్టుకుంటుందో తట్టుకోదో; వెదకి చూడు = పరిశీలించుము; ఏళ్లు గడిచినన్ = కొని సంవత్సరాలైనప్పటికీ; బయొసులన్ = బోర్డును నిద్రలేపే మూల సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పులను (ఛందస్సు కోసం ఓకారం కురచయింది; కవిని క్షమించాలి); ఇచ్చువాడె = ఇస్తూ ఉండే కంపెనీవాడే; నమ్మదగినట్టిది ఔ = విశ్వసించదగినదైన; బోర్డున్ = మదర్‌బోర్డును; అమ్మువాడు = విక్రయించువాడు (అగును).

తాత్పర్యం

ప్రాసెసర్ సాకెట్‌లో ఇమిడినంత మాత్రాన బోర్డు సరిపోయినట్టు కాదు. ఆ ప్రాసెసర్ పేరు బోర్డు కంపెనీ జాబితాలో ఉందేమో చదవాలి. దానికి కావలసిన కరెంటును బోర్డు కాగిపోకుండా ఇవ్వగలదేమో చూడాలి. ఈ రెండిటినీ మించి, అమ్మిన తర్వాత కూడా ఏళ్ల తరబడి బయోస్ అప్‌డేట్లు ఇచ్చే కంపెనీదే నమ్మకమైన బోర్డు. అంటే బోర్డు నమ్మకం కొన్న రోజుతో తేలిపోదు, తయారీదారు దాన్ని ఎన్నాళ్లు పట్టించుకుంటాడన్న దాన్ని బట్టి తేలుతుందని కవి సిద్ధాంతం.

విశేషాలు

మొదటి పాదంలో "చాలదు" అన్నాడే గాని "అక్కర్లేదు" అనలేదు. సాకెట్ కలవడం తొలి మెట్టు మాత్రమే. ఇందుకు 2017 నాటి ఉదాహరణే చాలు. ఇంటెల్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఆ ఏడాది ఎల్‌జీఏ 1151 సాకెట్‌తో వచ్చాయి. ఆరు, ఏడు తరాల బోర్డుల సాకెట్ పేరూ అదే, పిన్నుల లెక్కా అదే. పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ చక్కగా ఇమిడేది, యంత్రం మాత్రం లేచేది కాదు. కరెంటు అందించే పిన్నుల కేటాయింపు మారిందని, కొత్త 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డు కావాలని కంపెనీ చెప్పింది. దీనికి ఎదురు ఉదాహరణ ఏఎండీ వారి ఏఎం4 సాకెట్. 2017 మార్చిలో మొదటి రైజెన్లతో జనంలోకి వచ్చిన ఈ సాకెట్‌కే 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా వచ్చింది. మరి ఇక్కడ సాకెట్ ఒకటే అయితే చాలింది కదా అంటే, చాలలేదు. 2020 మేలో ఏఎండీ, రాబోయే రైజెన్ 5000 వరస 500 సిరీస్ బోర్డుల మీదే నడుస్తుందని ప్రకటించింది. పాత బోర్డుల్లో బయోస్ దాచుకునే చిప్‌లు చాలావరకు 16 మెగాబైట్లవని, అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ అందులో పట్టవని కారణం చూపింది. కొన్నవాళ్లు గోల పెట్టాక అదే నెలలో మాట మార్చుకుని బీ450, ఎక్స్470 బోర్డులకు దారి తెరిచింది. ఇంకా పాతవైన 300 సిరీస్ బోర్డులకు ఆ భాగ్యం 2022లో గాని పట్టలేదు. ఈ అయిదేళ్లలో సాకెట్‌లో ఒక్క పిన్నూ మారలేదు. ఏ ప్రాసెసర్‌ను ఏ బోర్డు ఒప్పుకుంటుందో తేల్చినది బయోసే.

అందుకే "చదువు పట్టి" అన్నాడు. ఈ జాబితాలో ప్రాసెసర్ పేరు పక్కనే, అది ఏ బయోస్ కూర్పు నుంచి పనిచేస్తుందో కూడా రాసి ఉంటుంది. చాలామంది పేరు చూసి సంతోషించి ఈ రెండో గడి వదిలేస్తారు. కొట్లో ఏడాదిగా అట్టపెట్టెలో పడి ఉన్న బోర్డులో పాత కూర్పే ఉంటుంది. కొత్త ప్రాసెసర్ పెట్టి స్విచ్చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. బయోస్ మార్చాలంటే యంత్రం లేవాలి, యంత్రం లేవాలంటే బయోస్ మారాలి. తర్కశాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. దీనికి విరుగుడు ఫ్లాష్‌బ్యాక్ అనే సదుపాయం. బయోస్ ఫైలుకు కంపెనీ చెప్పిన పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి, బోర్డు వెనక ప్రత్యేకంగా గుర్తుపెట్టిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, పక్కనున్న చిన్న మీటను కొన్ని క్షణాలు నొక్కిపట్టాలి. దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. అది ఆరేదాకా ఆగాలి. ప్రాసెసరూ ర్యామూ లేకున్నా, పవర్ సప్లై ఒక్కటుంటే పని జరుగుతుంది. రంగుల లైట్లా ఆ మీటా అని ఎంచుకోవలసి వస్తే, మీట ఉన్న బోర్డే తీసుకోవాలి.

రెండో పాదంలో "వేడి" అన్నది ప్రాసెసర్ వేడి కాదు. దానికి కూలర్ ఉంది, దాని సంగతి అందరికీ తెలుసు. కవి చూపు సాకెట్ పక్కన వరసగా నిలబడిన చదరపు దిమ్మల మీద, వాటి వెనకున్న చిన్న నల్ల చిప్‌ల మీద ఉంది. బజారులో వీఆర్ఎం అనే ఈ విభాగం పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను సుమారు 1.2 వోల్టులకు దించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. వోల్టేజి దిగితే ఆంపియర్లు ఎక్కుతాయి, బాధంతా అక్కడే. కోర్ ఐ9-14900కె గరిష్ఠంగా 253 వాట్లు తాగుతుంది. 1.2 వోల్టుల దగ్గర అది 210 ఆంపియర్లకు పైమాట. అదే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చునే ఐ3-12100కు గరిష్ఠం 89 వాట్లే. రెండూ ఒకే బోర్డు జాబితాలో ఉండవచ్చు. చిన్న బోర్డు పెద్ద ప్రాసెసర్‌ను నడపదని కాదు, నడుపుతుంది. ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పడే అవస్థ అది పడుతుంది. వీఆర్ఎం కాగిపోగానే తనను కాపాడుకోవడానికి బోర్డు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. అంతసేపు చదివి, బేరమాడి కొన్న గిగాహెర్ట్జ్‌లు అక్కడ ఆవిరవుతాయి.

వేడి వేగాన్నే కాదు, ఆయుష్షునూ తింటుంది. ద్రవ ఎలెక్ట్రోలైట్ ఉండే కెపాసిటర్లకు ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు బతికేది 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలు బతుకుతుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం ఎలెక్ట్రోలైట్ నింపిన కెపాసిటర్లు ప్రపంచవ్యాప్తంగా బోర్డులను పాడుచేసిన చరిత్ర ఉంది. పైన అడ్డగీతలున్న చిన్న డబ్బాలు ఉబ్బి, గీతల దగ్గర పగిలి, గోధుమరంగు పాకం కారేది. ఆ దెబ్బ తర్వాతే గట్టి పాలిమర్ కెపాసిటర్లు మామూలయ్యాయి. కాబట్టి ఈ పాదం ప్రకారం చూడాల్సినవి మూడు: వీఆర్ఎం మీద లోహపు హీట్‌సింక్ ఉందా, మన ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు ఎన్ని, అన్ని వాట్ల దగ్గర ఆ బోర్డును గంటసేపు నడిపి కొలిచిన పరీక్ష ఎవరైనా చేశారా. పెట్టె మీద రాసిన ఫేజుల (కరెంటు భారాన్ని పంచుకునే వరసల) సంఖ్య దీనికి ప్రమాణం కాదు. ఒక్కో ఫేజు ఎంత కరెంటు మోయగలదో చెప్పకుండా ఎన్ని ఫేజులో చెప్పడం సగం లెక్కే.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. 2011 నుంచి డెస్క్‌టాప్ లోకాన్ని కుదిపిన మూడు పెద్ద లోపాలను తీసుకుంటే, వాటికి మందు ప్రతిసారీ బోర్డు తయారీదారు గుమ్మం మీదుగానే వచ్చింది. 2011 జనవరిలో ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్‌లో డిస్కులు తగిలించే కొన్ని సాటా పోర్టులు కాలక్రమాన బలహీనపడతాయని తేలింది. బాగుచేసి, మార్చి ఇవ్వడానికి 70 కోట్ల డాలర్లవుతుందని ఇంటెల్ అంచనా వేసింది. చిప్ బోర్డుకు అతికి ఉంటుంది గనుక మార్చాల్సింది బోర్డునే. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ప్రాసెసర్‌లో ఒక భాగానికి అందే ఎస్ఓసీ వోల్టేజి 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసే అప్‌డేట్‌ను ఏఎండీ బోర్డు కంపెనీలకు ఇచ్చింది, వాళ్లు దాన్ని బయోస్‌లో కలిపి జనానికి ఇచ్చారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి అడిగి తమను తామే పాడుచేసుకుంటున్నాయని బయటపడింది. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణ కూడా బయోస్ రూపంలోనే ఇళ్లకు చేరింది. అప్పటికే జరిగిన నష్టాన్ని అది పూడ్చలేదు, ఇక ముందు జరగకుండా ఆపగలదు అంతే. అంటే సవరణ ఒక నెల ముందొచ్చిన బోర్డుకూ ఆలస్యంగా వచ్చిన బోర్డుకూ తేడా ప్రాసెసర్ ఆయుష్షులో కనబడుతుంది. ఈ మూడు సందర్భాల్లోనూ కొన్న రోజు బోర్డులో ఏ లోపమూ కంటికి కనిపించలేదు. ఆ రోజు ఎంత తెలివిగా పరిశీలించినా దొరకని లోపం నుంచి మనిషిని కాపాడింది తర్వాత అందిన అప్‌డేటో, మార్చి ఇచ్చిన బోర్డో. అందుకే కవి నమ్మకాన్ని బోర్డుకు విశేషణంగా వేసి ఊరుకోక, అమ్మేవాడి నడతతో ముడిపెట్టాడు.

ఆక్షేపణలు, సమాధానాలు

ధర ఎక్కువ పెడితే నమ్మకం దానంతటదే వస్తుంది కదా, ఇంత వ్యాఖ్యానమెందుకని మొదటి ఆక్షేపణ. ధర పెరిగేకొద్దీ వీఆర్ఎం బలపడుతుందన్నది కొంతవరకే నిజం. ఒక గీత దాటాక పెరిగే ప్రతి వెయ్యి రూపాయలూ వైఫై, రెండో మూడో ఎం.2 స్లాట్, లైట్లు, ఓవర్‌క్లాకింగ్ హంగుల కిందికి పోతాయి. 65 వాట్ల రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది. దాని కింద 250 వాట్లు మోసే బోర్డు పెట్టడం వల్ల దాని ఆయుష్షు మూడింతలు కాదు. మధ్యరకం బీ సిరీస్ బోర్డు, మంచి హీట్‌సింక్‌తో, ఈ పనికి సరిపోతుంది. మిగిలిన డబ్బు పవర్ సప్లై మీద పెడితే బోర్డు కూడా సుఖపడుతుంది.

పనిచేస్తున్న బోర్డులో బయోస్ ముట్టుకోకూడదన్నది పెద్దల మాట కదా అని రెండో ఆక్షేపణ. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుందన్న భయం మన ఊళ్లలో ఉత్త భయం కాదు. కాని ఆ మాట, తప్పిపోతే తిరిగి రాసుకునే దారి లేని రోజులది. ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్ ఉంది, కొన్ని బోర్డుల్లో రెండో బయోస్ చిప్ ఉంది, యూపీఎస్ ఉండనే ఉంది. 2024లో బయటపడిన ప్రాసెసర్ లోపం విషయంలో ముట్టుకోకపోవడమే ప్రమాదమైంది. అవసరం లేని అప్‌డేట్ వేసుకోవద్దన్న సలహా ఇప్పటికీ మంచిదే. అవసరమైన రోజున అప్‌డేటే లేకపోతే ఏం చేస్తామన్నదే కవి ప్రశ్న.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. అయిదేళ్ల తర్వాత కంపెనీవాడు ఏం చేస్తాడో ఈ రోజు ఎలా తెలుస్తుంది? పద్యం చెప్పే లక్షణం కొనేవాడికి అందుబాటులో లేనిదైతే, ఆ లక్షణం వల్ల ప్రయోజనమేమిటి? దీనికి సమాధానం అనుమాన ప్రమాణంలో ఉంది. పొగను బట్టి నిప్పును ఊహించినట్టే, చేసినదాన్ని బట్టి చేయబోయేదాన్ని ఊహించాలి. ఆ కంపెనీ చాలా ఏళ్ల కిందట అమ్మిన బోర్డు పేజీని తెరిచి, చివరి బయోస్ ఏ తేదీన ఇచ్చాడో చూడాలి. ఖరీదైన బోర్డు పేజీ చూడకూడదు. దాన్ని ఎవరైనా ముద్దుగా చూసుకుంటారు. అదే కాలపు చౌక బోర్డు, ఏ320 లాంటిదో హెచ్310 లాంటిదో చూడాలి. లాభం తక్కువున్న ఆ బోర్డుకు కూడా వాడు సవరణలు పంపాడంటే, అది వాడి అలవాటని అర్థం. పంపకపోతే, మన బోర్డుకూ అదే గతి. ఒకే మోడల్ పేరుతో రివిజన్ నంబర్ మార్చి లోపలి భాగాలు తగ్గించాడేమో కూడా అక్కడే కొంతవరకు తెలుస్తుంది. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, ప్రాసెసర్ మీద నెల రోజులు చదివినవాడికి అది బరువు కాదు.

ఫలశ్రుతి

ఈ తేటగీతిని బిల్లు కట్టకముందు చదివినవారు ముందు బోర్డును, తర్వాత ప్రాసెసర్‌ను ఎంచుకుని, మూడేళ్ల వారంటీ తీరాక కూడా నిశ్చింతగా ఉంటారు. బిల్లు కట్టాక చదివినవారికి పుణ్యం మాత్రం దక్కుతుంది.