తదితరులు పాల్గొన్నారు: ఒక ప్రెస్‌నోటుకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమవాడే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. అదే ఒట్టు నేనూ పెట్టుకుని ఈ గ్రంథానికి టీక రాయబూనుకున్నాను. గ్రంథ పరిమాణం మూడు వాక్యాలు. గ్రంథకర్త్రిని నేనే. జర్నలిజం చదువుకునే రోజుల్లో విశాఖలో ఒక పీఆర్ ఏజెన్సీలో రెండు నెలలు ఇంటర్న్‌గా ఉన్నాను. కాఫీ కోతల కాలంలో అరకు పంపితే అక్కడ కూర్చుని రాసిన తొలి ప్రెస్‌నోటు ఇది. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయితే ఒక సుఖం ఉంది. కవి హృదయం వెతుక్కోనక్కర్లేదు. లేదని ముందే తెలుసు.

మూలం

“మీడియా మిత్రులు దయచేసి కవర్ చేయగలరు. ప్రకృతి ఒడిలో కొలువుదీరిన ఆంధ్రా ఊటీ అరకులో కాఫీ పండ్ల సేకరణ కార్యక్రమం ఘనంగా జరిగింది. ప్రముఖులు, అధికారులు, అమాయక గిరిజనులు తదితరులు పాల్గొన్నారు.”

ప్రతిపదార్థం

మీడియా మిత్రులు = ముఖపరిచయం లేని నలభై రెండు ఫోన్ నంబర్లు.

కవర్ = శ్లేష. ఒక అర్థంలో వార్త రాయడం. రెండో అర్థం ప్రెస్‌మీట్ అయిపోయాక కుర్చీల దగ్గర చేతులు మారే వస్తువు. మూడోది, ఉన్నదాన్ని కప్పిపెట్టడం. గ్రంథకర్త్రికి మొదటి అర్థమే తెలుసు. మిగిలిన రెండూ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో రాయకుండానే నేర్పారు.

ప్రకృతి ఒడిలో = కారు ఆపి ఫొటో దిగడానికి వీలున్న ఏ చోటనైనా. ఒడి అన్నాక బిడ్డ ఉండాలి. ఎవరా బిడ్డ? మూలం చెప్పదు కానీ సందర్భాన్ని బట్టి పర్యాటకుడని గ్రహించాలి. నిజానికి 58 సొరంగాలు తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసింది ఆయన కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్‌కు పంపడానికి. ఆయన కూర్చునే అద్దాల బోగీ 2017లో వచ్చింది. అప్పటికే దశాబ్దాలుగా ఖనిజం రైళ్లు కొండ దిగుతూనే ఉన్నాయి. ఆ ఒడిలోంచి ఏం పట్టుకెళ్తున్నారో ప్రెస్‌నోటులో రాయకూడదని నాకెవరూ చెప్పలేదు. రాయాలని నాకే తోచలేదు.

ఆంధ్రా ఊటీ = అరకు. ఇది ఉపమానమని ఒక పక్షం, బద్ధకమని ఇంకో పక్షం. వ్యాఖ్యాతది రెండో పక్షం. ఊటీని ఎవరూ తమిళ అరకు అనరు. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో అరకు పేరు మీదనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. పారిస్ దాకా సొంత పేరుతో వెళ్లిన ఊరు, నూటపాతిక కిలోమీటర్లు కూడా లేని విశాఖ పత్రికలోకి మాత్రం ఊటీ కొంగు పట్టుకుని రావాల్సి వచ్చింది.

కాఫీ పండ్ల సేకరణ కార్యక్రమం = పొద్దున్న ఏడింటికి మొదలైన పనిని పదకొండింటికి ఆపించి, అతిథులు వచ్చాక మళ్లీ మొదలెట్టినట్టు చూపడం. రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య బ్యానర్ కడుతూ, అడ్డొచ్చిందని మిరియాల పాదును పక్కకు లాగబోయాను. “పాదు లాగకు పాపా, మిరియాలు రాలిపోతాయి” అని తోటలోంచి ఒకావిడ కేకేసింది. అతిథుల చేతికి తలో బుట్ట ఇచ్చాం. ఒకాయన కెమెరా వైపు చూసి నవ్వుతూ కొమ్మను పైనుంచి కిందికి దూసేశాడు. ఎర్రవి, పచ్చివి, ఆకులు అన్నీ బుట్టలో పడ్డాయి. చప్పట్లు కొట్టాం. వాళ్లు టీ తాగడానికి వెళ్లాక ఆవిడ ఆ బుట్ట ముందేసుకుని కూర్చుని పచ్చివన్నీ ఏరి పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. నేనే వెళ్లి అడిగాను.

“ఎర్రదే కొయ్యాల. పచ్చిది కలిస్తే రేటు పడిపోద్ది” అంది. ఒకే కొమ్మ మీది కాయలన్నీ ఒకేసారి పండవట. పండింది కోసి, మిగతాది వదిలి, కొన్నాళ్లకు మళ్లీ రావాలి. అలా మూడు నాలుగు సార్లు. కోసింది కోసినట్టే ఉంచితే పాడవుతుంది కాబట్టి త్వరగా పల్పర్‌లో వేసి తొక్క తియ్యాలి. జిగురు వదిలేలా ఊరబెట్టి, కడిగి, ఎండబోయాలి, మబ్బు పడితే కప్పాలి. ఇంతా చేస్తే దాదాపు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ తేలుతుంది. దీన్నంతా గ్రంథకర్త్రి ‘సేకరణ’ అనే నాలుగక్షరాల్లో దాచింది. ఎంత లోతుగా దాచిందంటే, పాఠకుడు తవ్వినా దొరకదు.

ఘనంగా = పాదపూరణం. మన పత్రికల్లో వర్ధంతులు కూడా ఘనంగానే జరుగుతాయి.

ప్రముఖులు, అధికారులు = పూర్తి ప్రతిలో ఇక్కడ పేర్లు, హోదాలతో పదకొండు పంక్తులున్నాయి. ప్రక్షిప్తమని వదిలేశాను. ఎవరి తర్వాత ఎవరు అన్న వరస తేల్చడానికి ఏడు ఫోన్లు, మూడు గంటలు పట్టాయి. చెట్టు ముందా విత్తు ముందా అన్న వాదమైనా ఇంతకన్నా తొందరగా తెగుతుంది.

అమాయక = అ + మాయ + క, మాయ ఎరుగనివారు. వ్యాకరణం సరే, చరిత్రే ఒప్పుకోదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీస్ స్టేషన్‌లోంచి తుపాకులు పట్టుకుపోయినవాళ్లు ఈ కొండలవాళ్లే. వస్తున్నామని ముందే మిరపకాయ టపా పంపేవారని చెప్పుకుంటారు. నా లెక్కన మన్యంలో మొదటి ప్రెస్‌నోటు అదే. క్లుప్తంగా ఉంటుంది, చెప్పిన పని జరుగుతుంది, ఘాటు గుర్తుండిపోతుంది. నావాటికి ఈ మూడు గుణాలూ లేవు. ఇక అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమతా సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పే ఇచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వకూడదని. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం గురించి నేను విన్నది కూడా క్లాసులో కాదు. పచ్చికాయలు ఏరుతూ ఆవిడే చెప్పింది. ఇంట్లో ఆదివాసీ ఒడియా, సంతలో తెలుగు, చట్టం మాటకొస్తే “వన్ సెవెంటీ”. మా ఇద్దరిలో అమాయకురాలెవరో పాఠకులు ఊహించుకోవచ్చు.

ప్రెస్‌నోటు పంపిన సాయంత్రం అక్కడి విలేకరి ఒకాయన సిగ్నల్ దొరికే మలుపు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. “అమ్మా, ఆ ‘అమాయక’ తీసేస్తున్నానండి. పేపరు ఇక్కడ వాళ్లు కూడా చదువుతారు” అన్నాడు. రెండు నెలల్లో నాకు ఎవరైనా పాఠం చెప్పారంటే ఆయనే. ఫోన్ బిల్లు కూడా ఆయనదే.

అలంకారం

అతిశయోక్తి. ఇది నోటులో కంటే రిపోర్టులో ఎక్కువ కనిపిస్తుంది. మర్నాడు పడిన ఐటెంను కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచి, కాలం సెంటీమీటర్లను ప్రకటన రేటుతో గుణించి, క్లయింటుకు ఇంత విలువ తెచ్చిపెట్టామని ఎక్సెల్‌లో చూపాలి. ఈ లెక్క చెల్లదని పీఆర్ రంగం పెద్దలే 2010లో బార్సిలోనాలో సూత్రాలు రాసుకున్నారు. ఆ సూత్రాలు మా ఆఫీసు మెట్లెక్కినట్టు లేదు. స్కేలు మాత్రం నా చేతికే ఇచ్చారు.

తాత్పర్యం

అరకులో ఏదో జరిగింది.

విశేషాంశం

చివరి రెండు పదాలు మిగిలిపోయాయి. తదితరులు = తత్ + ఇతరులు, పైన చెప్పినవాళ్లు కానివాళ్లు. పైన చెప్పినవాళ్లు పట్టుమని నలభై నిమిషాలు ఉన్నారు. పాల్గొన్నారు = పాలు + కొన్నారు. పాలు అంటే వాటా. వాటా పుచ్చుకున్నారని అర్థం. నోటు టైపు చేస్తున్నప్పుడు ఈ విగ్రహవాక్యం నాకు తట్టలేదు.

వారం తర్వాత ఫొటోల కోసం మళ్లీ వెళ్లినప్పుడు పేపరు పట్టుకెళ్లి ఆవిడకిచ్చాను. పదో తరగతి చదువుతున్న కూతురు గట్టిగా చదివి వినిపించింది. పదకొండు పంక్తుల పేర్లూ ఓపిగ్గా విన్నది.

“నేనెక్కడున్నానే ఇందులో?”

ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. ‘తదితరులు’ మీద.

ఆవిడ నవ్వింది. పేపరు మడిచి నా చేతిలో పెడుతూ అడిగింది: “అంతమంది పేర్లు రాసినావు. కిలోకి మాకెంతిస్తారో రాయలేదేటి పాపా?”

ఆ ప్రశ్నకు చెందిన పదం మూలంలో ఎక్కడా లేదు. మూలంలో లేనిది రాయనని మొదట్లో ఒట్టు పెట్టుకున్నాను కనుక వ్యాఖ్య ఇక్కడ ఆపుతున్నాను.